పాత చిన్న చేపల పడవ: కొనొచ్చా, కొత్తదానికి ఆగాలా, అద్దెతో సరిపెట్టుకోవాలా?

పాత పడవ అమ్మేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట చెబుతారు: "ఇంజను బ్రహ్మాండంగా ఉంది, చిల్లర పనులు తప్ప ఇంకేమీ లేవు." ఆ చిల్లర పనులేమిటో తేల్చుకోవడమే ఈ కొనుగోలులో మీ పని. అడిగే ధర కొత్తదానిలో నాలుగో వంతో, ఐదో వంతో ఉంటుంది కాబట్టి మనసు ఊరుకోదు. పోతే పోనీలే, పోయేది కొంచెమే కదా అనిపిస్తుంది. లెక్క తప్పేది ఇక్కడే. ఏళ్లు గడిచేకొద్దీ పడవ ధర పడిపోతుంది గానీ, దానికి చేయించే పనుల ఖర్చు పడిపోదు. పద్నాలుగు అడుగుల పడవకు ఇంజను బిగించే వెనక పలక మార్చాలంటే, ఆ పడవ మూడేళ్లదైనా ముప్పై ఏళ్లదైనా పట్టే ప్లైవుడ్, రెసిన్, కూలి ఒక్కటే. కొత్త ఇంజను అమ్మే షాపువాడు మీ పడవ వయసు చూసి తగ్గించడు. చవగ్గా వచ్చిన పడవ మీద కొన్న ధరకు రెండింతలు రిపేర్లకే పోయిన సందర్భాలు కొల్లలు.

అలాగని పాతది వద్దనడం లేదు. తూకం వేసి చూస్తే, సరిగ్గా ఎంచుకున్న పాత పడవే చాలామందికి లాభం. కాకపోతే ఎంచుకునేటప్పుడు తయారైన సంవత్సరం మీద పెట్టే దృష్టిని, ఆ పడవ వాడకంలో లేనప్పుడు ఎక్కడ ఉండేది అన్నదాని మీద పెట్టాలి. కప్పు లేకుండా ఆరుబయట, లోపల వాన నీరు నిలిచి, ఇంజను తిరగకుండా మూడేళ్లు పడి ఉన్న పదేళ్ల పడవ కంటే, షెడ్డులో ఉంటూ ఏటా నీళ్లలోకి దిగిన పాతికేళ్ల పడవే నయం. చిన్న పడవలు నీళ్లలో తిరిగి పాడయ్యేది తక్కువ, గట్టు మీద వానకు నానీ, వాడకం లేకా పాడయ్యేది ఎక్కువ. కింద చెప్పే పరీక్షలన్నీ దాదాపు దీని చుట్టూ తిరిగేవే.

ముందు నీళ్ల సంగతి

పడవ చూడ్డానికి వెళ్లేముందు, ఎలాంటి నీళ్లలో, ఎంతమందితో తిరుగుతారో తేల్చుకోండి. చెరువులు, కాలవలు, లోతు తక్కువ నదులైతే అడుగు చదునుగా ఉన్న పడవ చాలు. జానెడు, మూరెడు నీళ్లలోనూ తేలుతుంది, నిలబడి వల వేసినా గాలం విసిరినా పెద్దగా ఒరగదు, చిన్న ఇంజనుతోనే కదులుతుంది. అదే పడవను గాలి తోలే పెద్ద జలాశయంలోకో సముద్రం అంచుకో తీసుకెళితే ప్రతి అలకూ అడుగు దబదబ కొట్టుకుంటుంది, ముందు నుంచి నీళ్లు మీద పడతాయి. అలలున్న చోటికి అడుగు 'వి' ఆకారంలో కోసుకుపోయేది కావాలి. అది లోతు ఎక్కువ అడుగుతుంది, ఇంజనూ పెద్దది అడుగుతుంది, ఆగి ఉన్నప్పుడు కొంచెం ఊగుతుంది. రెండు పనులకూ ఒకే పడవ అని ఎవరైనా చెబితే, ఆ రెంటిలో ఒకటి అరకొరగా చేస్తుందని అర్థం.

చాలా పడవల లోపల తయారీదారు బిగించిన చిన్న రేకు ఉంటుంది. ఎంతమంది, ఎంత బరువు, గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్ అన్నది దాని మీద ఉంటుంది. వెనక ఉన్న ఇంజను ఆ అంకె కంటే పెద్దదైతే ఆ పడవను అక్కడే వదిలేయండి. ఏళ్ల తరబడి మోయకూడని బరువును, తోపును ఆ వెనక పలక మోసింది. బీమా ఇచ్చేవాళ్లు కూడా ఇలాంటివాటికి ఒప్పుకోకపోవచ్చు.

ఫైబర్, అల్యూమినియం, చెక్క

పాత చిన్న పడవల్లో ఎక్కువగా దొరికేది ఫైబర్‌గ్లాస్. మోసం దాగేదీ ఇందులోనే. ఫైబర్ కుళ్లదు, అది నిజం. కానీ పాత ఫైబర్ పడవలో ఫైబర్‌తో పాటు కలపా ఉంటుంది. ఇంజను బిగించే వెనక పలక, అంటే ట్రాన్సమ్, చాలా పడవల్లో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్. నేల కింద అడ్డంగా, నిలువుగా వెళ్లే దూలాలూ అంతే. ఎప్పుడో ఎవరో నీళ్ల కింద చేపలను పసిగట్టే పరికరం బిగించడానికి రంధ్రం పొడిచి, సీలెంట్ సరిగ్గా పెట్టకుండా వదిలేస్తారు. అక్కడి నుంచి వాన నీరు మెల్లగా దిగి లోపలి కలపను నానబెడుతుంది. పైన పెయింట్ మెరుస్తుంటుంది, లోపల కలప చేత్తో పిండితే ముద్దయ్యే స్థితిలో ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో వెనక పలకంతా, నేలంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమని మోగుతుంది, నానినచోట మొద్దుగా దబ్బుమంటుంది. ఒకచోట నుంచి ఇంకోచోటికి శబ్దం మారడమే మీరు పట్టుకోవలసింది. తర్వాత ఇంజనును సగం ఎత్తి, కింది భాగం పట్టుకుని గట్టిగా పైకీ కిందికీ ఊపండి. కళ్లు మాత్రం వెనక పలక మీద ఉండాలి. ఇంజనుతో పాటు పలక కూడా వంగినట్టు, మూలల్లో పగుళ్లు తెరుచుకున్నట్టు కనిపిస్తే లోపల కలప పోయినట్టే. నేల మీద నడిచేటప్పుడు మెత్తగా దిగే చోట్లు దొరికినా అదే అర్థం. "పైన కొత్త ప్లైవుడ్ వేయించుకుంటే సరిపోతుంది" అంటారు. సరిపోదు. నేల మెత్తబడిందంటే దాని కింద దూలాలనూ అనుమానించాల్సిందే. వాటిని చూడాలంటే నేలంతా కోయాలి.

ఇంకో చోట కూడా నీరు దాక్కుంటుంది. మునిగినా తేలేందుకు నేల కింద నురుగు పదార్థం నింపుతారు. పాత పడవల్లో అది ఏళ్ల తరబడి తడిలో ఉంటే నీళ్లు పీల్చి వదలదు. లీటరు నీళ్లంటే కిలో బరువు. నూట యాభై లీటర్లు పీల్చిందంటే ఇద్దరు మనుషులను ఎప్పుడూ ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. ఇంధనం ఎక్కువ తాగుతుంది, వెనకభాగం నీళ్లలో కుంగుతుంది, పైగా ఆపదలో ఆ నురుగు తేల్చదు. దగ్గర్లో లారీలు తూచే వేబ్రిడ్జి ఉంటే పడవను ట్రైలరుతో తూయించి, ట్రైలరు, ఇంజను బరువులు తీసేసి, ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన బరువుతో పోల్చి చూడండి. తేడా వంద కిలోలు దాటితే అది నీళ్ల బరువేనని అనుమానించాలి.

పైపూతలో సాలెగూడులాంటి సన్నని గీతలకు భయపడనక్కర్లేదు. ఎండకు, చిన్న దెబ్బలకు అవి వస్తాయి. వేలిగోరు దిగేంత పగుళ్లు, వరసగా ఒకే దిక్కున సాగినవి, వెనక మూలల్లోనివి వేరు సంగతి. అడుగు భాగంలో చిన్న బుడగలు కనిపించి, ఒకటి పగలగొడితే వెనిగర్ వాసన వేసే ద్రవం వస్తే నీరు ఫైబర్ పొరల్లోకి చేరిందని అర్థం. నాలుగైదు బుడగలైతే గీకి పూడ్చుకోవచ్చు. అడుగంతా ఉంటే అది చిన్న పని కాదు.

అల్యూమినియం పడవ ఇంత దాచుకోదు. దెబ్బ తగిలితే సొట్ట కనిపిస్తుంది, కారితే ఎక్కడ కారుతుందో తెలుస్తుంది. రివెట్లతో చేసినవాటిలో ఏళ్లు గడిచాక రివెట్లు వదులవుతాయి. పడవ ట్రైలరు మీద ఉండగానే లోపల నాలుగు అంగుళాల మేర నీళ్లు పోసి కిందికి వంగి చూస్తే కారే రివెట్లు వాటంతటవే బయటపడతాయి. అంతకంటే ఎక్కువ పోయకండి, ఆ బరువుకు అడుగు వంగుతుంది. వదులైన రివెట్లను తిరిగి బిగించవచ్చు, మార్చవచ్చు, చేతనైనవాళ్లు ఒక్క రోజులో ముగిస్తారు. అసలు భయం తుప్పుది. అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు పట్టదు, తెల్ల పొడి రాలి చిన్న చిన్న గుంటలు పడతాయి. ఎవరో నేలకు చెదపట్టని మందు కొట్టిన ప్లైవుడ్ వేసి ఉంటే, ఆ మందులోని రాగి తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగి కలిసిన అడుగు రంగు పూసినా అదే గతి. అందుకని నేల పలక ఒక్కటైనా ఎత్తి చూపమని అడగండి. గుంటలు నాలుగైదు చోట్లే ఉంటే వెల్డింగ్‌తో పోతుంది. చెయ్యి పెట్టిన చోటల్లా ఉంటే ఆ రేకు పని అయిపోయినట్టే. ఒక ఓదార్పు ఏమిటంటే, పూర్తిగా పాడైన అల్యూమినియం పడవను పాత సామాను కింద కొంటారు. పాడైన ఫైబర్ పడవను వదిలించుకోవడానికి మీరే డబ్బు కట్టాల్సి వస్తుంది.

చెక్క పడవ గురించి సూటిగా చెప్పాలంటే, కలప పని చేతనైతే, చేసుకోవడంలో సంతోషం ఉంటేనే కొనండి. చేపలు పట్టడమే ఉద్దేశమైతే వద్దు. పలకల పడవ గట్టు మీద ఎండితే అతుకులు విచ్చుకుంటాయి, నీళ్లలో దించాక ఒకటి రెండు రోజులు కారి, కలప ఉబ్బాక ఆగుతుంది. ఇది సహజం, దీన్ని చూసి పారిపోనక్కర్లేదు. కుళ్లు చూడాల్సింది వాన నీరు నిలిచే మూలల్లో. కలపను కుళ్లబెట్టడంలో ఉప్పు నీటి కంటే మంచినీరే చెడ్డది. సముద్రంలో వేరే శత్రువు ఉంది, కలపను తొలిచే పురుగు. పదునైన దబ్బనంతో మూలలు, మేకుల చుట్టూ పొడిచి చూడండి, సులువుగా దిగకూడదు. పాత చెక్క పడవకు పైన ఫైబర్ తొడుగు వేసి "ఇక కారదు" అని అమ్మితే ఇంకా జాగ్రత్త పడాలి. లోపలి తడి బయటికి పోయే దారి లేక తొడుగు కిందే కుళ్లుతుంది.

ఇంజను

చిన్న పాత పడవ విలువలో సగానికి పైగా ఇంజనుదే. చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే "ఇంజను చల్లగా ఉంచండి, మేం వచ్చాక స్టార్ట్ చేద్దాం" అనండి. వెళ్లగానే మూత తీసి చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే అప్పటికే ఒకసారి తిప్పలు పడి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎలా అంటుకుంటుందన్నదే చాలా కథ చెబుతుంది. నీటి సరఫరా పెట్టకుండా పొడిగా మాత్రం తిప్పనివ్వకండి. నీటి పంపులోని రబ్బరు చక్రం సెకన్లలో కాలిపోతుంది. తిరుగుతున్నప్పుడు వెనక సన్నని ధారగా నీళ్లు చిమ్మాలి. అది రాకపోతే పంపో, దారులో మూసుకుపోయాయి.

తర్వాత రెండు పరీక్షలు. మొదటిది కంప్రెషన్, అంటే సిలిండరు లోపల గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందో చూడటం. చిన్న మీటరు ప్రతి సిలిండరుకూ పెట్టి చూస్తారు. అంకె ఎంత అన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటితే లోపల అరుగుదల ఉందనుకోవాలి. రెండోది గేరు ఆయిల్. ప్రొపెల్లర్ ఉన్న కింది పెట్టెకు అడుగున ఉన్న స్క్రూను కొంచెం వదులు చేస్తే ఆయిల్ చుక్కలు వస్తాయి. తెల్లగా మసకబారి ఉంటే సీళ్లు పోయి నీళ్లు చేరాయి. లోహపు రజను మెరిస్తే గేర్లు అరుగుతున్నాయి. ముందుగా నీళ్లే వస్తే మాట్లాడాల్సింది ఇంకేమీ లేదు. అమ్మే ముందురోజే కొత్త ఆయిల్ పోసినవాళ్లూ ఉంటారు, అందుకే నీళ్లలో తిప్పి తెచ్చాక మళ్లీ చూడాలి.

టూ-స్ట్రోకా, ఫోర్-స్ట్రోకా అన్నది మతం మాటలా వాదించుకుంటారు గానీ, పాత పడవ కొనేవాడికి ఇది బరువు, రిపేరు, అనుమతుల ప్రశ్న. పాత టూ-స్ట్రోక్ తేలిక, భాగాలు తక్కువ, విప్పి బిగించడం సులువు. కానీ ఇంధనంలో ఆయిల్ కలపాలి, చాలావాటికి యాభైకి ఒకటి చొప్పున. పొగ, చప్పుడు, ఇంధనం ఖర్చు అన్నీ ఎక్కువే. కొన్ని సరస్సుల్లో కార్బురేటర్ ఉన్న టూ-స్ట్రోక్ ఇంజన్లను రానివ్వరు. అమెరికాలోని టాహో సరస్సులో ఈ నిషేధం 1999 నుంచే ఉంది. మీరు తిరిగే నీళ్లకు ఇలాంటి నిబంధన ఉందేమో కనుక్కోకుండా కొంటే గట్టు మీదే కూర్చోవాలి. ఫోర్-స్ట్రోక్ మెల్లగా, నిశ్శబ్దంగా, పొదుపుగా తిరుగుతుంది. నెమ్మదిగా పడవను నడుపుతూ గాలం లాగేవాళ్లకు అదే హాయి. అయితే అదే హార్స్‌పవర్‌కు సాధారణంగా బరువెక్కువ. టూ-స్ట్రోక్ కోసం కట్టిన పాత పడవకు ఫోర్-స్ట్రోక్ తగిలిస్తే వెనకభాగం కుంగి, నేల మీది నీరు బయటికి పోయే రంధ్రాలే నీటి మట్టం కిందికి రావచ్చు.

విడిభాగాల సంగతి మరిచిపోకండి. ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీని 2020 మే నెలలో ఆపేశారు. అలాంటి బ్రాండు ఎంత బాగా తిరుగుతున్నా, మీ దగ్గర్లో దాన్ని విప్పే మెకానిక్, దానికి సరిపడే సామాను ఉన్నాయో లేదో చూసుకుని ముందుకెళ్లాలి. ఇంజను విడిగా కొని తగిలించేవాళ్లు వెనక పలక ఎత్తు కొలవాలి. ఇంజను నుంచి కింద ప్రొపెల్లర్ వైపు దిగే షాఫ్టులు మామూలుగా 15 అంగుళాలు, 20 అంగుళాల కొలతల్లో వస్తాయి. పొట్టి పలకకు పొడవు షాఫ్టు పెడితే నీళ్లను ఈడుస్తుంది, పొడవు పలకకు పొట్టి షాఫ్టు పెడితే ప్రొపెల్లర్ గాలిని కొడుతుంది.

మిగతావి

ట్రైలరు మీద వచ్చే పడవైతే చక్రాలను ఎత్తి తిప్పి చూడండి, గరగరమంటే బేరింగులు పోయాయి. టైరు మీద ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2317 అంటే 2017లో ఇరవై మూడో వారం. ట్రెడ్ ఎంత ఉన్నా పదేళ్లు దాటిన టైరుతో పడవ లాగకండి. వైర్లు ఇంట్లో వాడే మామూలు తీగలైతే అన్నీ మార్చాలనే లెక్క వేసుకోండి. పెట్రోలు ట్యాంకు విడిగా తీసి పట్టుకెళ్లేదైతే మంచిది. నేల కింద బిగించిన పాత ట్యాంకు తుప్పు పడితే తీయడానికే నేల కోయాలి.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. పడవ వెనక కుడివైపు పైభాగంలో చెక్కిన హల్ నంబరు, అంటే ఆ పడవ గుర్తింపు నంబరు, కాగితాల్లోని నంబరుతో కలవాలి, ఇంజను నంబరూ అంతే. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన పడవలకు పన్నెండు అక్షరాల నంబరు తప్పనిసరి. 1984 తర్వాతివాటిలో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అమ్మేవాడు చెప్పే వయసుకు, ఆ అంకెలకు పొంతన లేకపోతే అక్కడే ఆగండి. గీకేసిన నంబరు ఉన్న పడవ ఎంత చవకైనా వద్దు. ట్రైలరుకు విడిగా కాగితాలుంటాయి. పడవ మీద అప్పు తీరిందో లేదో రాతపూర్వకంగా చూపమనండి.

ఇక ఏది ఎవరికి

ఇవన్నీ చూశాక మీ ముందు నాలుగు రకాల పడవలు తేలతాయి.

పడవ గట్టిగా ఉండి ఇంజను పోయినది నా లెక్కలో అన్నిటికంటే మంచి బేరం. ఇంజను నాలుగు బోల్టులు విప్పితే ఊడేది, కొత్తదో మంచి పాతదో తెచ్చి తగిలిస్తే పడవ లేచి కూర్చుంటుంది. పైగా ఇంజను పోయిన పడవను కొనేవాళ్లు తక్కువ కాబట్టి ధర దిగుతుంది. ఒట్టి పడవ ధరే ఇవ్వండి, ఇంజనుకు ఒక్క పైసా కట్టకండి. ఇంజను బాగుండి పడవ నానినదైతే ఇంజను ధర మాత్రమే ఇచ్చి, మీ దగ్గర దానికి సరిపడే వేరే పడవ ఉంటేనే కొనండి. రెండూ బాగున్నది దొరికితే చిల్లర బేరాలాడి చేజార్చుకోకండి, అలాంటివి రోజుల్లో అమ్ముడవుతాయి.

అందరూ ఎక్కువగా కొనేది మాత్రం నాలుగోది: పడవా అంతంత మాత్రం, ఇంజనూ అంతంత మాత్రం. రెండింటిలో ఏదీ చెడిపోలేదు కాబట్టి ధర గట్టిగా అడుగుతారు. రెండేళ్లలో రెండూ పని అడుగుతాయి కాబట్టి రెండు వైపులా డబ్బు పోతుంది. దీనికంటే పూర్తిగా పాడైన ఇంజనున్న పడవే నయం, అక్కడ కనీసం ఏం కొంటున్నారో తెలుస్తుంది.

కొత్త పడవకు వారంటీ ఉంటుంది, లోపల ఏముందో అన్న బెంగ ఉండదు. మొదటి కొన్నేళ్లలో విలువ గబగబా పడిపోవడం దాని నష్టం. పాతదాని విలువ ఎప్పుడో పడిపోయింది, బాగా చూసుకుంటే రెండేళ్లు వాడి దాదాపు కొన్న ధరకే అమ్మొచ్చు. రిపేరు పని రాదు, నేర్చుకునే తీరికా లేదు, ఏటా చాలాసార్లు నీళ్ల మీదికి వెళతారనుకుంటే కొత్తదే సరి, కొంచెం చిన్నదైనా ఫర్వాలేదు. ఏడాదికి నాలుగైదు సార్లే వెళ్లేవాళ్లకు మాత్రం కొత్తా పాతా రెండూ దండగే. అద్దె పడవో, మరో ఇద్దరితో కలిసి వాటా పడవో చాలు. ఎందుకంటే ముందే చెప్పినట్టు పడవను పాడుచేసేది వాడకం లేకపోవడమే. ప్రశాంతమైన నీళ్లలో ఒంటరిగా పట్టేవాళ్లు ఇంజను గొడవ లేని కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) గురించి కూడా ఒకసారి ఆలోచించాలి.

డబ్బు లెక్క వేసేటప్పుడు ధర ఒక్కటే రాసుకోకండి. బ్యాటరీ, నీటి పంపు రబ్బరు, స్పార్క్ ప్లగ్గులు, గేరు ఆయిల్, ఇంధనం గొట్టాలు, లైఫ్ జాకెట్లు, లంగరు తాడు, మంటలార్పే సీసా ఇవన్నీ ఏ పాత పడవకైనా మొదటి నెలలో తప్పవు. నేనైతే అడిగిన ధరలో సగం అదనంగా చేతిలో లేనిదే పాత పడవ జోలికి పోను.

నీళ్లలో తిప్పి చూపించనంటే అడ్వాన్సు ఇవ్వకండి, కారణం ఎంత బాగా చెప్పినా సరే. ఒప్పుకుంటే అరగంట తిప్పండి. పూర్తి వేగం అందుకోనివ్వండి, తర్వాత మెల్లగా తిప్పి ఇంజను ఆగిపోతుందేమో చూడండి, వెనక్కి గేరు వేయండి, వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. బయటికి లాగాక గేరు ఆయిల్ ఇంకోసారి చూసి, పడవ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ తీయండి. గ్లాసుడు నీళ్లు వస్తే మామూలే. బకెట్టు నిండితే ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తేలేవరకు ధర మాట్లాడకండి.